గో-లైవ్ తర్వాతి సోమవారం మీ టీమ్ ఏం చేస్తుంది?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు. మీరు ఏడేళ్ల అనుభవం ఉన్న బిజినెస్ అనలిస్ట్, అంటే క్లయింట్‌కి ఏం కావాలో టీమ్‌కి రాసిచ్చే మనిషి. హైదరాబాద్‌లో సర్వీసెస్ కంపెనీ, అమెరికా క్లయింట్. నాలుగేళ్లుగా స్క్రమ్ (పనిని స్ప్రింట్లు అనే చిన్న చిన్న గడువుల్లో చేసే పద్ధతి) చేస్తున్నారు. ఈ ఏడాది క్లయింట్ "ఇకమీదట ప్రాజెక్టులు లేవు, అన్నీ ప్రొడక్టులే" అని ప్రకటించాడు. మీ ప్రాజెక్ట్ మేనేజర్‌ ప్రొడక్ట్ ఓనర్ (టీమ్ ఏం చేయాలో, ఏది ముందో తేల్చే మనిషి) అయ్యారు, పనులు రాసుకునే టూల్ జీరాలో బోర్డు పేరు మారింది. స్కోప్ (ఏమేం చేయాలన్న జాబితా), డేట్ మాత్రం ఎప్పటిలాగే సంతకాలైపోయి మీ దాకా వస్తున్నాయి. ఇందులో నిజమైన తేడా ఏమైనా ఉందా, ఉత్త మాటలేనా? తేడా ఉంటే మీ సీట్లో కూర్చుని మీరేం చేయగలరు? చివర్లో ఇంకో లైన్ రాశారు, మిమ్మల్నే వేరే టీమ్‌కి ప్రొడక్ట్ ఓనర్‌గా వెళ్లమంటున్నారు, వెళ్లాలా అని.

సూటిగా చెప్తాను. తేడా నిజమే, చాలా పెద్దది కూడా. కానీ మీ దగ్గర ఇంకా అది మొదలవలేదు. పేర్లు మాత్రమే మారాయి.

నేను ఎక్కడికి వెళ్లినా ఒకే ప్రశ్న అడుగుతాను: గో-లైవ్ (సాఫ్ట్‌వేర్ జనం వాడకంలోకి వచ్చే రోజు) తర్వాతి సోమవారం పొద్దున ఈ టీమ్ ఏం చేస్తుంది? కేటీ డాక్యుమెంట్లు (పని వివరాలు అప్పజెప్పే కాగితాలు) రాసి, సపోర్ట్ టీమ్‌కి అప్పజెప్పి, కొందరు బెంచ్‌కి (పని లేని ఖాళీకి), కొందరు ఇంకో క్లయింట్ అకౌంట్‌కి వెళ్లిపోతారంటే అది ప్రాజెక్ట్. అదే మనుషులు అదే సీట్లలో కూర్చుని "మనం వదిలింది జనం వాడుతున్నారా, ఎక్కడ ఆగిపోతున్నారు" అని చూస్తుంటే అది ప్రొడక్ట్. స్ప్రింట్లు, స్టాండప్‌లు, రెట్రోలు లాంటి స్క్రమ్ తంతులు రెండు చోట్లా ఉంటాయి. కాబట్టి నాలుగేళ్లుగా స్క్రమ్ చేస్తున్నాం అన్నదానికీ దీనికీ పెద్దగా సంబంధం లేదు.

పెళ్లి వంటల కాంట్రాక్టుకీ టిఫిన్ సెంటర్‌కీ ఉన్న తేడా అనుకోండి. పెళ్లి వంటకి ముహూర్తం ముందే తెలుసు, ఎన్ని విస్తళ్లో తెలుసు, మెనూ రాసుకున్నారు. బంతులు లేచాక గిన్నెలు వ్యాన్‌లోకి ఎక్కిస్తారు, లెక్క తేల్చుకుంటారు, వెళ్లిపోతారు. గుత్తి వంకాయ కూర సగం విస్తళ్లలో మిగిలిపోయిందా అన్నది వాళ్ల లెక్కలోకి రాదు. టిఫిన్ సెంటర్ వాడికి అలా కుదరదు. ఇవాళ చట్నీ పులిస్తే రేపు రోడ్డవతలి బండి దగ్గర క్యూ ఉంటుంది. వాడు ప్లేట్లలో ఏం మిగులుతోందో రోజూ చూస్తాడు. వండటం ఇద్దరికీ వచ్చు. చూడటం ఒకడి పని మాత్రమే.

నాది పందొమ్మిదేళ్ల సర్వీసు. మొదటి పదకొండేళ్లు మీలాంటి కంపెనీల్లోనే. అప్పట్లో నేను "విజయవంతంగా" పూర్తి చేసిన ఒక ప్రాజెక్ట్ గురించి చెప్తాను, ఎందుకంటే నాకు ఈ తేడా తలకెక్కింది అక్కడే.

ఒక ఇన్సూరెన్స్ క్లయింట్‌కి క్లెయిమ్ పోర్టల్ కట్టాం. పాలసీదారులు ఫోన్లు చేయకుండా, ఫ్యాక్సులు పంపకుండా ఆన్‌లైన్‌లోనే కాగితాలు అప్‌లోడ్ చేసుకోవాలి, కాల్ సెంటర్ ఖర్చు తగ్గాలి. అసలు ఉద్దేశం అదీ. పద్నాలుగు మంది, పదకొండు నెలలు. డేట్‌కి ఇచ్చాం, బడ్జెట్ దాటలేదు, స్టేటస్ రిపోర్ట్ చివరి వారం దాకా గ్రీన్. కేక్ కోశాం, క్లయింట్ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు, నాకు ఆ ఏడాది మంచి రేటింగ్ వచ్చింది. నెల తిరిగేసరికి పద్నాలుగు మందిలో ఒక్కరూ అక్కడ లేరు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద అదే క్లయింట్ దగ్గరికి ఆన్‌సైట్ వెళ్లాను. కాల్ సెంటర్‌లో పనిచేసే ఒకావిడ క్యాంటీన్‌లో మాటల్లో చెప్పింది: "ఆ పోర్టల్ వచ్చాక కాల్స్ పెరిగాయి." ఎందుకంటే అప్‌లోడ్ సైజు 2 ఎంబీ దాటితే ఒప్పుకోదు. ఫోన్‌తో తీసిన ఫోటో ఏదైనా అంతకంటే పెద్దదే. ఎర్రర్ మెసేజ్‌లో ఆ ముక్క ఉండదు, "మళ్లీ ప్రయత్నించండి" అని మాత్రం వస్తుంది. జనం మళ్లీ మళ్లీ ప్రయత్నించి, విసిగి, ఫోన్ చేస్తున్నారు.

ఆ 2 ఎంబీ రూల్ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఉంది. టెస్టింగ్‌లో పాస్ అయింది. యూఏటీలో (వాడేవాళ్ల వైపు నుంచి చేసే చివరి పరీక్షలో) సంతకం అయింది. తప్పు చేసినవాడు ఎవడూ లేడు! సపోర్ట్ టీమ్‌కి వచ్చిన టికెట్లను "సిస్టమ్ డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది" అని మూసేశారు, వాళ్ల కాంట్రాక్ట్ ప్రకారం అది కరెక్టే. దాన్ని గమనించి సరిచేయడం ఎవరి ఉద్యోగమూ కాదు. ఒక పూట పని అది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారే, గో-లైవ్ అనే ఏరు దాటాక ఆ పోర్టల్ ఎవరికీ ఏమీ కాకుండా పోయింది.

ఇక్కడ చిన్న పక్కమాట. "అజైల్ అంటేనే ప్రొడక్ట్ ఆలోచన కదా" అని చాలామంది వాదిస్తారు (స్క్రమ్ లాంటి పద్ధతులన్నిటికీ ఉమ్మడి పేరు అజైల్). 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో పదిహేడు మంది కూర్చుని రాసిన అజైల్ మ్యానిఫెస్టో వెనకున్న సూత్రాలు తీసి చదవండి. "ప్రాజెక్ట్" అన్న మాట అందులోనే ఉంది. పనిచేసే సాఫ్ట్‌వేరే పురోగతికి ముఖ్యమైన కొలత అనీ ఉంది. డాక్యుమెంట్ల గుట్టలే పురోగతి అనుకునే రోజుల్లో అది గొప్ప మాటే. కానీ మా పోర్టల్ కూడా పనిచేసే సాఫ్ట్‌వేరే! స్క్రమ్ నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్‌లో "ప్రొడక్ట్ గోల్" అన్న మాట చేరింది 2020 నవంబర్ ఎడిషన్‌లో. అదే ఎడిషన్ ప్రతి స్ప్రింట్‌నీ ఒక చిన్న ప్రాజెక్టుగా అనుకోవచ్చని కూడా అంటుంది. కాబట్టి పుస్తకం పట్టుకుని మీ మేనేజర్‌తో వాదించకండి, రెండు వైపులా వాక్యాలు దొరుకుతాయి.

సరే, నిజంగా మారాల్సినవి ఏంటి? నా లెక్కలో మూడు. వాటిలో మొదటిది మారకపోతే మిగతా రెండూ నిలబడవు.

డబ్బు వచ్చే దారి. ప్రాజెక్ట్ పద్ధతిలో డబ్బు పనికి మంజూరవుతుంది. ఫలానా ఫీచర్లు, ఫలానా తేదీ, ఇంత మొత్తం. బిజినెస్ కేస్ (ఈ ఖర్చు ఎందుకో చెప్పే కాగితం) ఒకసారి రాస్తారు, ఆమోదం వచ్చాక దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. ఏడాదికొక్కసారే డబ్బు అడిగే అవకాశం ఉంటుంది కాబట్టి ప్రతి డిపార్ట్‌మెంటూ తనకి కావలసినవీ, అక్కర్లేనివీ అన్నీ ఒకే స్కోప్‌లో కుక్కేస్తుంది. ఇప్పుడు అడక్కపోతే మళ్లీ దొరకదన్న భయం. మీకు వచ్చే స్కోప్ అంత లావుగా ఉండటానికి కారణం చాలాసార్లు ఇదే. ప్రొడక్ట్ పద్ధతిలో డబ్బు టీమ్‌కి మంజూరవుతుంది. ఎనిమిది మంది, ఏడాదికి ఇంత ఖర్చు, అది ముందే తెలిసిన లెక్క. మారేదల్లా వాళ్లు ఏం చేస్తారన్నది. మూడు నెలలకోసారి కూర్చుని ఈ టీమ్‌ని కొనసాగించాలా, వేరే సమస్య మీదికి మళ్లించాలా, ఆపేయాలా అని చూస్తారు.

దీనికి అడ్డుపడేది ఇంజినీర్లు కాదు, ఫైనాన్స్ వాళ్లు. వాళ్ల బాధా నిజమే. కొత్తగా కట్టినదాన్ని ఆస్తి కింద చూపించి కొన్నేళ్లలో ఖర్చు రాసుకోవచ్చు, మరమ్మతుల్ని మాత్రం ఆ ఏడాది ఖర్చుగానే చూపించాలి. ప్రాజెక్ట్ ఉంటే ఈ గీత ఎక్కడ గీయాలో సులువు. ఒకే టీమ్ పొద్దున కొత్త ఫీచర్, మధ్యాహ్నం బగ్ చూస్తుంటే ఎలా విడదీయాలి? మేం ఒకచోట చేసిన పని: ప్రతి స్టోరీకి (టీమ్ చేసే పనిలో ఒక్కో ముక్కకి) "కొత్తది", "మరమ్మతు" అని ఒక ట్యాగ్ పెట్టి, నెలాఖరుకి ఆ నిష్పత్తి ఫైనాన్స్‌కి ఇచ్చాం. వాళ్లు, వాళ్ల ఆడిటర్లు ఒకసారి కూర్చుని ఒప్పుకున్నారు. ఆరు నెలల పంచాయితీ ఒక డ్రాప్‌డౌన్‌తో తీరింది. మీ దగ్గర ఎవరైనా "ఫైనాన్స్ ఒప్పుకోదు" అంటే, అసలు అడిగారా అని అడగండి. మా దగ్గర అడిగినవాడు అంతకుముందు లేడు.

మనుషులు చెదిరిపోకపోవడం. ప్రాజెక్ట్ అంటేనే తాత్కాలికం, పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) నిర్వచనంలోనే ఆ మాట ఉంది. ప్రాజెక్టుకి మనుషుల్ని తెస్తారు, అయిపోగానే పంపేస్తారు. మనవాళ్ల భాషలో "రిసోర్స్" రిలీజ్ చేస్తారు. ప్రొడక్ట్‌లో టీమ్ అలాగే ఉంటుంది, పని దాని దగ్గరికి వస్తుంది. కట్టినవాళ్లే నడపాలన్న మాట అమెజాన్ సీటీఓ వెర్నర్ వోగెల్స్ 2006లోనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. రాత్రి రెండింటికి అలర్ట్ వచ్చి లేవాల్సింది తనే అని తెలిస్తే ఇంజినీర్ లాగ్స్ (సిస్టమ్‌లో ఏం జరిగిందో చెప్పే చిట్టా) ఎంత శ్రద్ధగా రాస్తాడో నేను చూశాను. మా పోర్టల్ టీమ్‌లో ఒక్కడు ఒక్క నెల కాల్ సెంటర్ టికెట్లు చదివుంటే 2 ఎంబీ గోల రెండో వారంలోనే తేలిపోయేది.

లెక్కపెట్టేది. దీని గురించి అందరూ చెప్తారు కాబట్టి ఎక్కువ చెప్పను. వెలాసిటీ (స్ప్రింట్‌లో ఎంత పని తేలింది), స్టోరీ పాయింట్లు (ఒక్కో పని ఎంత పెద్దదన్న అంచనా), ఎన్ని ఫీచర్లు ఇచ్చాం అనేవి టీమ్ తన కోసం చూసుకునే అంకెలు. వాడేవాడి జీవితంలో ఏం మారిందన్న అంకె కనీసం ఒకటి బోర్డు మీద ఉండాలి.

మనందరి చేతిలో ఉన్న ఉదాహరణ ఒకటుంది. 2016 ఏప్రిల్‌లో ఎన్‌పీసీఐ (దేశంలో రిటైల్ చెల్లింపుల వ్యవస్థల్ని నడిపే సంస్థ) యూపీఐని పైలట్‌గా మొదలుపెట్టింది. ఆగస్టు చివరి నుంచి బ్యాంకుల యాప్‌లు వచ్చాయి, డిసెంబర్ 30న ఎన్‌పీసీఐ సొంత యాప్ భీమ్ వచ్చింది. ప్రాజెక్ట్ లెక్కలో అయితే అక్కడికి గిన్నెలు వ్యాన్ ఎక్కించేయొచ్చు. అలా జరగలేదు. జనం దాన్ని కిరాణా కొట్లో, టీ బండి దగ్గర వాడటం మొదలుపెట్టారు. యూపీఐ లావాదేవీల్లో సగం 200 రూపాయల లోపువే అని 2021 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. పది రూపాయల టీకి కూడా బ్యాంకు కోర్ సిస్టమ్ (ఖాతాల అసలు లెక్క ఉండే చోటు) తలుపు తట్టాల్సి రావడం ఎంత బరువో ఆలోచించండి. 2022 సెప్టెంబర్‌లో యూపీఐ లైట్ వచ్చింది: చిన్న మొత్తాలకి పిన్ అక్కర్లేదు, ప్రతిసారీ బ్యాంకు కోర్ సిస్టమ్ దాకా వెళ్లాల్సిన పనీ లేదు. అంతకు ముందు మార్చిలో బటన్ ఫోన్ల వాళ్ల కోసం 123పే వచ్చింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. 2016లో కూర్చుని రాసిన ఏ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లోనూ టీ బండి బరువు ఇంతని ఉండే అవకాశం లేదు. వాడకం చూస్తేనే తెలిసే విషయం అది.

ఫెయిలైన యూపీఐ లావాదేవీల్ని ఎన్‌పీసీఐ వాళ్లు ఎలా విడదీస్తారో కూడా గమనించండి. పిన్ తప్పు కొట్టడం, ఖాతాలో డబ్బు లేకపోవడం లాంటివి బిజినెస్ డిక్లైన్. సిస్టమ్ అందుబాటులో లేకపోవడం, నెట్‌వర్క్ లాంటివి టెక్నికల్ డిక్లైన్. బ్యాంకులవారీగా ఈ శాతాలు బయటికే పెడతారు. ఒక్క అంకెని రెండుగా విడదీయడంతో ఎవరు ఏం సరిచేయాలో తేలిపోతుంది. మీ టీమ్‌కి కొలత ఎంచుకునేటప్పుడు ఇలాంటిది వెతకండి. "కస్టమర్ సంతృప్తి పెరగాలి" లాంటివి వద్దు, దాన్ని చూసి సోమవారం పొద్దున ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేరు.

ఇప్పుడు బాగా కుదిరిన కేసు ఒకటి. హైదరాబాద్‌లో మందులు ఇంటికి తెచ్చిచ్చే ఒక సంస్థలో డెలివరీ యాప్ టీమ్. మేం ఎనిమిది మందిమి. రోడ్‌మ్యాప్‌లో మొదటి లైన్ రూట్ ఆప్టిమైజేషన్ (మెరుగైన దారి లెక్కగట్టడం), మూడు నెలల పని, అందరికీ ఇష్టమైన పని కూడా (ఇంజినీర్లకి మ్యాపులూ అల్గారిథమ్‌లూ అంటే మోజు కదా). దానికి ముందు ఒక అలవాటు పెట్టుకున్నాం. ప్రతి బుధవారం టీమ్‌లో ఒకరు డెలివరీ అబ్బాయి బండి వెనక కూర్చుని ఒక పూట తిరగాలి. రెండో బుధవారమే ఫ్రంటెండ్ చేసే అమ్మాయి వచ్చి చెప్పింది, దారి వాళ్లకి సమస్యే కాదట, కళ్లు మూసుకుని వెళ్తున్నారట. ఆఖరి వంద మీటర్లలో ఇల్లు దొరకట్లేదు. "పోచమ్మ గుడి వెనక సందు, నీలం గేటు" అన్నది అడ్రస్ బాక్స్‌లో పట్టదు, పిన్ మ్యాప్‌లో పక్క వీధిలో పడుతుంది. ఒక్కో ఆర్డర్‌కి రెండు మూడు కాల్స్. మేం రూట్ పని పక్కన పెట్టి, కస్టమర్ గుర్తులు రాసుకునే ఖాళీ ఒకటి, లేదా తెలుగులోనో హిందీలోనో వాయిస్‌గా చెప్పే బటన్ ఒకటి పెట్టాం. రెండు వారాల పని. ఆ ఏరియాల్లో కాల్స్ దాదాపు సగానికి పడిపోయాయి. రూట్ ఆప్టిమైజేషన్‌ని ఆ తర్వాత చేశాం, కానీ చాలా చిన్నది.

అదే పని ఫిక్స్‌డ్ స్కోప్ కాంట్రాక్ట్‌లో అయ్యుంటే? ఆ అమ్మాయి చెప్పిన మాట చేంజ్ రిక్వెస్ట్ అయ్యేది. ఎస్టిమేట్, ఆమోదం, మళ్లీ సంతకం. బండెక్కే అవకాశమే వచ్చేది కాదనుకోండి, బండి వెనక కూర్చున్న గంటలు ఏ బిల్లింగ్ కోడ్‌లో రాస్తాం?

కానీ అన్నిటికీ ఇది మందు కాదు. ఇదే ఉత్సాహంలో నేను ఒకసారి దెబ్బ తిన్నాను. ఒకచోట మా టీమ్‌కి "మేం ప్రొడక్ట్ టీమ్, మేం డేట్లు ఇవ్వం" అనే పొగరు పట్టింది. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చింది. ఆ తేదీ మన డిస్కవరీ (వాడేవాళ్లకి ఏం కావాలో వెతకడం) కోసం ఆగదు కదా. బిల్లింగ్ మార్పుల్ని మిగతా బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల వరుసలో) ఒక ఐటమ్‌లా చూసి, జూన్ మూడో వారంలో మేలుకుని, పది రోజులు ఇంటికి పోకుండా పనిచేశాం. అది అచ్చంగా ప్రాజెక్టే: తేదీ ఉంది, స్కోప్ చట్టంలో రాసుంది. దానికి గాంట్ చార్టే (ఏ పని ఏ తేదీకో గీసిన పట్టిక) కరెక్ట్. డేటా సెంటర్ మార్చడం, పాత సిస్టమ్ మూసేయడం, రెండు కంపెనీల పేరోల్ కలపడం, ఇవన్నీ అంతే. ప్రొడక్ట్ టీమ్ లోపల అప్పుడప్పుడు ప్రాజెక్టులు వస్తాయి. వచ్చినప్పుడు సిగ్గుపడకుండా ప్రాజెక్టులాగే నడపాలి. అందుకే మీ పాత ప్రాజెక్ట్ మేనేజర్ పనికిరాకుండా పోయాడని అనుకోవద్దు. వెండర్లు, డిపెండెన్సీలు, ఆడిట్‌లు చూసుకోవడంలో ఆయనకున్న చేయి మీలో ఎవరికీ ఉండదు. ఆయనకి ప్రొడక్ట్ ఓనర్ టోపీ పెట్టడం వల్ల ఆ పనీ పోయింది, ఈ పనీ కాలేదు.

ఇక మీ సీట్లోంచి ఏం చేయొచ్చు. డబ్బు దారి మీ చేతిలో లేదు, క్లయింట్ కాంట్రాక్ట్ మీరు మార్చలేరు. ఆ టెన్షన్ పెట్టుకోకండి. బిజినెస్ అనలిస్ట్ చేతిలో ఉన్నవి నేను చూసినంతలో ఇవీ:

ప్రొడక్షన్ సపోర్ట్ టికెట్లు చదివే యాక్సెస్ అడగండి. రీడ్-ఓన్లీ చాలు. సెక్యూరిటీ వాళ్లు అభ్యంతరం చెప్తే కస్టమర్ వివరాలు తీసేసిన నెలవారీ ఎక్స్‌పోర్ట్ అడగండి. వారానికి గంట చదవండి. నెలలో మీ ఆన్‌సైట్ మేనేజర్ కంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.

మీరు రాసే ప్రతి పెద్ద స్టోరీ కింద ఒక లైన్ చేర్చండి: "విడుదలైన రెండు వారాలకి దేన్ని చూస్తే ఇది పనిచేసిందని తెలుస్తుంది?" మొదట్లో ఎవరూ పట్టించుకోరు. రెండు వారాలయ్యాక మీరే చూసి, స్ప్రింట్ రివ్యూలో రెండు నిమిషాలు చెప్పండి. వాడకం లేని ఫీచర్ ఒకటి దొరికితే ఎవర్నీ తప్పుపట్టకుండా అంకె మాత్రం చూపించండి. నేను ఇలా చేసినప్పుడు మూడో రివ్యూకి క్లయింట్ వైపు ఆవిడ తనే అడిగింది, "పోయినసారి దాని సంగతేంటి" అని. అప్పటిదాకా రివ్యూ అంటే వాళ్లకి డెమో చూసి చప్పట్లు కొట్టడమే.

కాంట్రాక్ట్ రెన్యూవల్ వచ్చినప్పుడు మీ డెలివరీ హెడ్ చెవిన ఒక మాట వేయండి: టీమ్ మొత్తాన్ని ఏడాదికి ఇచ్చే పద్ధతి అడగమని. మన కంపెనీలకి అందులో లాభం ఉంది, బిల్లింగ్ ఆగకుండా వస్తుంది. నష్టం ఎక్కడంటే, ప్రతి ప్రాజెక్ట్ చివర ఫ్రెషర్లని నింపి మార్జిన్ పెంచుకోవడం కుదరదు. అందుకే కొందరు హెడ్‌లు వినరు. అది మీ తప్పు కాదు.

చివరికి మీ ప్రొడక్ట్ ఓనర్ ఆఫర్. వెళ్లేముందు ఆ టీమ్ మేనేజర్‌ని మూడు అడగండి. స్కోప్‌లో ఉన్న ఒక ఫీచర్ అక్కర్లేదని నాకనిపిస్తే, ఎవరి సంతకం లేకుండా దాన్ని ఆపే హక్కు నాకుందా? అసలు వాడేవాళ్లతో నేను నేరుగా మాట్లాడొచ్చా, లేక క్లయింట్ వైపు ఇంకో "అసలు" ప్రొడక్ట్ ఓనర్ ఉన్నాడా? గో-లైవ్ తర్వాత ఆరు నెలలు టీమ్‌లో కనీసం సగం మంది ఉంటారా? మూడింటికీ కాదనే జవాబు వస్తే అది కొత్త పేరుతో ఉన్న మీ పాత ఉద్యోగమే, హైక్ ఎంతో చూసి తేల్చుకోండి. రెండోదానికి మాత్రం, వాడేవాళ్లతో నేరుగా మాట్లాడొచ్చు అన్నా సరే, నేనైతే వెళ్తాను.